గుంట మగ్గం, నడుం నొప్పి: ఫిజియోథెరపిస్టు ఒక్కరే తేల్చలేని ప్రశ్న

ఒడిశాలోని బరంపురం పట్టు నేతగాళ్ల నడుం నొప్పి మీద థీసిస్ చేయాలని ఫిజియోథెరపీ పీజీ విద్యార్థులకు అనిపించడం సహజం. ఊరికి పట్టు పేరుంది. మగ్గాల వీధుల్లో, నేత వృత్తిగా ఉన్న దేవాంగుల ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది. నొప్పి ఉన్న మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు. అయితే ఇలాంటి థీసిస్‌లు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. ఒంట్లో ఎక్కడెక్కడ నొప్పి ఉందో అడిగే నోర్డిక్ ప్రశ్నావళి పట్టుకుని వంద మందిని అడగడం, నడుము ఇంత శాతం, మెడ ఇంత శాతం అని తేల్చడం, చివర్లో వ్యాయామాల బొమ్మలున్న కాగితం పంచడం. నేతగాడి నడుము మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. ఆ విద్యార్థి పని సరిగ్గా చేయలేదని కాదు. ఒక్క శాస్త్రం చేతికి అందినంత మేరకే ప్రశ్నను కత్తిరించుకోవడం వల్ల ఇలా జరుగుతుంది.

వేర్వేరు వైద్య వృత్తులవాళ్లు కలిసి చేసే పరిశోధన గురించి సభల్లో చాలా మాట్లాడుతున్నాం. పేపరు మీద ఆరుగురి పేర్లు ఉన్నంత మాత్రాన అది కలిసి చేసిన పని అయిపోదు. ప్రశ్న రాసుకునే రోజునే ఆ ఆరుగురూ ఒకచోట కూర్చున్నారా లేదా అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష. కొలతలన్నీ అయిపోయాక గణాంక నిపుణుణ్ణి పిలిచి "పి విలువ తీసిపెట్టండి" అంటే ఆయన చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ఫిజియోథెరపిస్టును "నొప్పి స్కోరు తీసుకురండి" అని మధ్యలో పంపినా అంతే.

మగ్గం దగ్గరే మొదలుపెడదాం. గుంట మగ్గంలో నేతగాడు దాదాపు నేలమట్టంలో, గుంట అంచున వేసిన పలక మీద కూర్చుంటాడు. కాళ్లు గుంటలో తొక్కుడు కర్రల మీద ఉంటాయి. ఒక చేయి తాడు లాగి, పేకను (అడ్డపోగును) మోసే నాడెను ఇటూ అటూ పంపుతుంది, ఇంకో చేయి దువ్వెన లాంటి పన్నెను ముందుకు లాగి పేకను కొడుతుంది. చూపు మొత్తం నేత పడుతున్న గీత మీదే. వీపుకు ఆనిక లేదు. పాదాలు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి కాబట్టి బరువంతా పిరుదుల మీద, తొడల వెనక పడుతుంది. కుంభాల అంచు వచ్చే చీరైతే పోగులు చూసుకోవడానికి ఇంకాస్త వంగాలి.

ఈ మనిషికి నడుము ఎందుకు నొస్తోంది? కూర్చునే పలక ఎత్తు, బట్ట చుట్టుకునే దూలం ఉన్న దూరం అతని ఒడ్డూ పొడుగుకు సరిపోక నొప్పి రావచ్చు. అది కొలిచి సరిచేసేది వడ్రంగి, పనిచేసే చోటును మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చే ఎర్గోనమిస్టు. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గి పోగు కనబడక వంగుతుండవచ్చు. అది కంటి పరీక్ష చేసేవాళ్ల పని. మజూరీ చీర లెక్కన వస్తుంది కాబట్టి మధ్యలో లేవకపోవచ్చు. అది ఆర్థికం, సమాజం తెలిసినవాళ్లు చూడాలి. తుంటి ముందరి కండరాలు బిగుసుకుపోయి, వీపు కండరాలు అలసిపోయి నొప్పి రావచ్చు. అది ఫిజియోథెరపీ. వెన్నెముకలో క్షయో, మూత్రపిండాల్లో రాయో ఉండవచ్చు. అది డాక్టరు తేల్చాలి. అయిదు కారణాలూ ఒకే మనిషిలో ఉండొచ్చు. వ్యాయామాల కాగితం వీటిలో ఒక్కదానికే జవాబు.

2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన, మనిషి ఆరోగ్యాన్నీ వైకల్యాన్నీ వర్ణించే ఐసీఎఫ్ వర్గీకరణ ఇక్కడ బాగా పనికొస్తుంది. శరీరం పనితీరు, మనిషి చేయగలిగే పనులు, జీవితంలో పాల్గొనడం, చుట్టూ ఉన్న పరిస్థితులు, వ్యక్తికి సంబంధించిన విషయాలు అని అందులో గళ్లుంటాయి. తెల్లకాగితం మీద ఆ గళ్లు గీసి, ఒక్కో గడిలో ఏం కొలుస్తారో, ఎవరు కొలుస్తారో, ఏ పరికరంతో కొలుస్తారో రాయండి. ఖాళీగా మిగిలిన గడి చూస్తే ఎవరిని పిలవాలో తెలుస్తుంది. చేనేత అధ్యయనాల్లో ఎక్కువగా ఖాళీగా మిగిలేది చుట్టూ ఉన్న పరిస్థితుల గడే. వెలుతురు, పలక ఎత్తు, మజూరీ పద్ధతి, వానాకాలం గుంటలో చెమ్మ అన్నీ అందులోకే వస్తాయి.

కంటి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఫిజియోథెరపిస్టులు దాదాపు పట్టించుకోరు. అస్సాం టీ తోటల్లో నలభై దాటిన 751 మంది మీద చేసిన ప్రాస్పర్ పరిశోధన 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. దగ్గరి చూపు కళ్లజోడు ఇచ్చినవాళ్లు కోసిన ఆకు, ఇవ్వనివాళ్లతో పోలిస్తే సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. అక్కడ కొలిచింది ఆకు బరువు, మెడ వంపు కాదు. మన ప్రశ్న ఆ పక్కదే: కళ్లజోడు ఇస్తే నేతగాడి మెడ, నడుము ఎంత నిటారుగా అవుతాయి?

ఇందులో ఒక చిక్కుంది. మామూలుగా దగ్గరి చూపు అద్దాలు పుస్తకం చదివే దూరానికి, అంటే 40 సెంటీమీటర్లకు సరిపోయేలా ఇస్తారు. ఆ దూరానికి కావలసిన శక్తి 2.50 డయాప్టర్లు (అద్దం శక్తిని కొలిచే ప్రమాణం). మగ్గం మీద నిటారుగా కూర్చుంటే కంటికీ నేత గీతకూ మధ్య దూరం 60 సెంటీమీటర్లు ఉందనుకోండి, కావలసింది 1.67 మాత్రమే. కంటి సర్దుబాటు శక్తి దాదాపు పోయిన యాభై అయిదేళ్ల మనిషికి 2.50 అద్దం పెడితే 40 సెంటీమీటర్ల దగ్గరే స్పష్టంగా కనబడుతుంది. అంటే కళ్లజోడే అతన్ని 20 సెంటీమీటర్లు ముందుకు వంచుతుంది. కాబట్టి కళ్లు పరీక్షించి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టు క్లినిక్‌లో కూర్చుని చీటీ రాస్తే కుదరదు. మగ్గం దగ్గరికి రావాలి. ఫిజియోథెరపిస్టు ఆ మనిషిని సరైన భంగిమలో కూర్చోబెట్టాలి, అప్పుడు ఆప్టోమెట్రిస్టు కంటి నుంచి నేత గీతదాకా టేపుతో కొలవాలి, ఆ దూరానికి అద్దం రాయాలి. ఇద్దరూ ఒకే పూట ఒకే చోట ఉంటే తప్ప జరగని పని ఇది. చేతులు కలపడమంటే నాకు అర్థమయ్యేది ఇదే.

వెలుతురును కూడా అదే పూట కొలవాలి. లక్స్ మీటరును నేత గీత మీద ఎడమ అంచు, మధ్య, కుడి అంచు దగ్గర పెట్టి మూడు అంకెలు రాయాలి. ఫోన్‌లో ఉండే లక్స్ యాప్‌లు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా చూపిస్తాయి కాబట్టి అధ్యయనం అంతటికీ ఒకటే మీటరు వాడాలి. కొలిచేవాళ్ల నీడ మీటరు మీద పడకూడదు. పొద్దున ఒకసారి, దీపం పెట్టాక ఒకసారి కొలవాలి.

ఇక భంగిమ. దీనికి అందరూ తీసేది, భంగిమకు మార్కులు వేసే రూలా పట్టీ. 1993లో మెక్అటమ్నీ, కార్లెట్ తయారుచేసిన ఈ పట్టీలో 1 నుంచి 7 వరకు మార్కులుంటాయి. 1, 2 వస్తే ఫరవాలేదని, 3, 4 అయితే ఇంకా పరిశీలించాలని, 5, 6 అయితే త్వరలో మార్చాలని, 7 అయితే వెంటనే మార్చాలని అర్థం. పట్టీ మంచిదే. కాకపోతే అది చేతుల మీద, మెడ మీద పెట్టిన దృష్టి కాళ్ల మీద పెట్టదు. కాళ్లకు రెండే మెట్లు: పాదాలకు ఆనిక ఉందా, లేదా. రోజంతా తొక్కుడు కర్రలు తొక్కే మనిషి కాళ్ల శ్రమ ఆ రెండు మెట్లలో ఇమడదు. 2000లో వచ్చిన అలాంటిదే ఇంకో పట్టీ రెబాలోనూ కూర్చున్న మనిషికి కాళ్ల మార్కు పెద్దగా పెరగదు. అందుకని ఏ పట్టీ వాడినా నిమిషానికి ఎన్ని తొక్కుళ్లో విడిగా లెక్కపెట్టండి, తుంటి, మోకాలు, చీలమండ కోణాలు గోనియోమీటరుతో విడిగా తీయండి.

వీడియో తీయడంలో ఎక్కువ తప్పులు జరుగుతాయి. గుంటలోని కాళ్లు పక్కనుంచి తీసిన వీడియోలో కనబడవు. ఇల్లు ఇరుకు, ఫోన్ పెట్టడానికి గోడకూ మగ్గానికీ మధ్య చోటు ఉండదు. ఫోన్‌ను ఏటవాలుగా పెడితే మెడ వంపు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఒక ఫోన్‌ను నేతగాడి పక్కన, అతని భుజం ఎత్తులో, శరీరానికి సరిగ్గా అడ్డంగా నిలపాలి. ఇంకోదాన్ని గుంట మూల నుంచి కాళ్ల మీదికి పెట్టాలి. చెవి ముందు, భుజం కొన మీద, తుంటి ఎముక మీద రంగు స్టిక్కర్లు అంటిస్తే కోణం గీయడం తేలిక. ఒక్కో విడతలో పది నిమిషాలు తీసి, పదిహేను సెకన్లకు ఒక ఫ్రేము చొప్పున తీసుకుంటే 40 ఫ్రేములు వస్తాయి. పనిలోకి దిగిన మొదటి గంటలో ఒక విడత, భోజనానికి ముందు ఒక విడత, సాయంత్రం ఒక విడత తీయాలి. అలసట భంగిమను మారుస్తుంది. పొద్దుటి వీడియో ఒక్కటే తీస్తే రోజు మొత్తం బాగున్నట్టు తేలుతుంది. కెమెరా చూసి నేతగాడు మొదటి రెండు మూడు నిమిషాలు సర్దుకుని కూర్చుంటాడు కాబట్టి ఆ భాగాన్ని లెక్కలోంచి తీసేయండి, ఆ మేరకు ముందే ఎక్కువసేపు తీసుకోండి.

మార్కులు వేసేది ఇద్దరైతే, ఒకరికొకరు చూపించుకోకుండా కనీసం ముప్పై మంది వీడియోలకు ఇద్దరూ వేయాలి. ఇద్దరి మార్కులూ ఎంత కలుస్తున్నాయో చెప్పే లెక్కలు రెండున్నాయి: కోణాల లాంటి అంకెలకు ఐసీసీ, మెట్ల మార్కులకు వెయిటెడ్ కాపా లెక్కించాలి. కూ, లీ 2016లో చెప్పిన కొలబద్ద ప్రకారం ఐసీసీ 0.75 దాటితే మంచిది, 0.9 దాటితే చాలా మంచిది. 0.5 లోపు వస్తే అసలు సేకరణ మొదలుపెట్టకండి. ఇద్దరూ ఎక్కడ తేడాపడుతున్నారో వీడియో పక్కన పెట్టుకుని తేల్చుకుని మళ్లీ చేయండి.

ప్రశ్నావళి భాష దగ్గర బరంపురంలో ఎదురయ్యే చిక్కు హైదరాబాద్‌లో ఉండదు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామంది బడిలో చదివింది ఒడియా. తెలుగు కాగితం చేతికిస్తే చదవలేరు, ఒడియా కాగితం ఇస్తే చదువుతారు గానీ నొప్పి గురించి మనసులో అనుకునేది తెలుగులో. కాబట్టి ఎవరికి వాళ్లు నింపే పద్ధతి పెట్టకండి, చదివి వినిపించి అడగండి. అడిగే ఆశా కార్యకర్తకు గానీ విద్యార్థికి గానీ తెలుగు లిపి రాకపోతే, అవే తెలుగు వాక్యాలను ఒడియా లిపిలో అచ్చు వేసి ఇవ్వండి. అప్పుడు అందరూ ఒకే వాక్యం అడుగుతారు. ఎవరికి తోచినట్టు వాళ్లు అప్పటికప్పుడు అనువదిస్తే వంద మందిని వంద ప్రశ్నలు అడిగినట్టే.

నడుం నొప్పి రోజువారీ పనులకు ఎంత అడ్డమవుతోందో కొలిచే ఆస్వెస్ట్రీ ప్రశ్నావళి ఇక్కడ మంచి ఉదాహరణ. పది విభాగాలు, ఒక్కోదానికి 0 నుంచి 5. వచ్చింది రెట్టింపు చేస్తే శాతం. కూర్చోవడం గురించిన విభాగంలో "ఏ కుర్చీలోనైనా", "నాకు ఇష్టమైన కుర్చీలో" అని ఉంటుంది. గుంట మగ్గం ఇంట్లో ఆ వాక్యానికి అర్థమే ఉండదు. నడక విభాగంలో మైళ్లు, గజాలు ఉంటాయి. వాటి బదులు ఊళ్లో అందరికీ తెలిసిన గుడి నుంచి చౌరస్తా దాకా అని చెప్పాలి, ఆ దూరాన్ని ముందే కొలిచి ఉంచుకోవాలి. దాంపత్య జీవితం గురించిన విభాగాన్ని చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే 50 బదులు 45తో భాగించాలి. 18 మార్కులు వస్తే 36 శాతం కాదు, 40 శాతం. గణాంకం చేసేవాళ్లకు ఈ నియమం ముందే రాసి ఇవ్వకపోతే ఖాళీని సున్నాగా లెక్కేస్తారు, మొత్తం అధ్యయనంలో నొప్పి తక్కువగా తేలుతుంది.

వాక్యాలను ఇలా మార్చడానికి ఒక పద్ధతుంది. డార్కస్ బీటన్ బృందం 2000లో రాసినట్టు ఇద్దరు విడివిడిగా అనువదించాలి. ఒకరు వైద్యం తెలిసినవాళ్లు, ఇంకొకరు తెలియనివాళ్లు. రెండూ కలిపి ఒకటి చేయాలి. అసలు ప్రతి చూడని ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లిషులోకి తేవాలి. కమిటీ కూర్చుని తేడాలు తీర్చాలి. తర్వాత 30 నుంచి 40 మందిని అడిగి చూడాలి. ఆ కమిటీలో ఒక నేతగాడు ఉండాల్సిందే. వాడే ముందు హక్కుదారుల అనుమతి కూడా తీసుకోవాలి. గజపతి జిల్లా కొండల్లో ఉండే సవర గిరిజనులను కూడా చేర్చుకుంటే తెలుగు, ఒడియా రెండూ చాలవు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకున్నది ఆ అవసరం కళ్లారా చూసే. మనకూ సవర మాట్లాడే సహాయకులు కావాలి.

0 నుంచి 10 వరకు నొప్పి అంకె చెప్పమంటే కొందరికి పట్టుబడదు. పది అగ్గిపుల్లలు ముందు పెట్టి "భరించలేనంత నొప్పికి పదీ పక్కకు పెట్టు, లేకపోతే ఒక్కటీ పెట్టకు" అంటే సులువుగా చూపిస్తారు. నోర్డిక్ ప్రశ్నావళిలో తొమ్మిది శరీర భాగాలుంటాయి. పేర్లు చదవడంతో ఆపకుండా బొమ్మ చూపించి వేలు పెట్టమనండి. జబ్బ నొప్పి, భుజం నొప్పి, రెక్క నొప్పి ఒకే చోటికి వాడేవాళ్లున్నారు, వేర్వేరు చోట్లకు వాడేవాళ్లూ ఉన్నారు. పన్నెండు నెలల సంగతి అడిగేటప్పుడు "పోయిన దసరా నుంచి" లాంటి గుర్తు ఇస్తే జవాబు నమ్మదగ్గదిగా ఉంటుంది.

ఎంతమందిని తీసుకోవాలి అన్నదానికి అందరూ 384 అంటారు. సగం మందికి నొప్పి ఉంటుందనుకుని, 5 శాతం అటూ ఇటూ సరిపెట్టుకుంటే వచ్చే అంకె అది. పేటలో నేతగాళ్లే 600 మంది అయితే 384 అక్కర్లేదు. 384ను (1 + 383/600)తో భాగిస్తే 235 చాలు. పదో వంతు మంది దొరకరనుకుని 0.9తో భాగిస్తే 262. ఇది పేర్ల జాబితా నుంచి చీటీలు తీసినట్టు ఎంచుకుంటేనే. వీధి వీధి మొత్తం తీసుకుంటే, ఒకే వీధివాళ్లు ఒకే రకం మగ్గం, ఒకే వెలుతురు, పట్టు ఇచ్చి నేయించుకునే ఒకే మాస్టర్ వీవర్ కింద ఉంటారు కాబట్టి ఒకరి జవాబు ఇంకొకరిలా ఉంటుంది. వీధికి పది మంది, వాళ్ల జవాబుల మధ్య పోలిక 0.05 అనుకుంటే 1 + 9 × 0.05 = 1.45 రెట్లు పెంచాలి. 235 కాస్తా 341 అవుతుంది. ఈ మాట గణాంక నిపుణుడు మొదటి రోజు చెబితే ఉపయోగం, చివరి రోజు చెబితే బాధ.

చికిత్స పనిచేస్తుందా అని రెండు గుంపులను పోల్చే అధ్యయనమైతే లెక్క వేరు. నొప్పి అంకెలో 2 తేడా రోగికి అర్థమయ్యేంత తేడా అని ఎక్కువగా ఒప్పుకుంటారు. విచలనం (అంకెలు మనిషికీ మనిషికీ మారే మేర) 2.5, శక్తి (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) 80 శాతం అనుకుంటే గుంపుకు 25 మంది. అయిదో వంతు మధ్యలో మానేస్తారనుకుంటే 32. ఒక ఇంట్లో ఇద్దరు నేస్తుంటే ఒకరికి కళ్లజోడు, వ్యాయామం ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోవడం కుదరదు, ఇల్లు మొత్తాన్ని ఒకే గుంపులో వేయాలి. అప్పుడు పైన చెప్పిన పెంపు ఇక్కడా వర్తిస్తుంది.

పోలిక గుంపు లేకుండా ముందూ తర్వాతా మాత్రమే చూసే అధ్యయనాలంటే నాకు నమ్మకం లేదు. చేనేతలో అయితే అసలే లేదు. పెళ్లిళ్ల కాలంలో ఆర్డర్లు ఎక్కువ, పని గంటలు ఎక్కువ. వానల్లో గుంటలో చెమ్మ చేరి పని మందగిస్తుంది. పెళ్లిళ్ల ముందు నొప్పి కొలిచి, వానల్లో మళ్లీ కొలిస్తే ఏమీ చేయకపోయినా నొప్పి తగ్గినట్టు కనబడుతుంది. పైగా నొప్పి బాగా ఉన్న రోజునే మనిషి అధ్యయనంలోకి వస్తాడు, ఆ తర్వాత ఎటూ కొంత తగ్గుతుంది. రెండు గుంపులనూ ఒకే కాలంలో నడిపితేనే ఇవి తేలిపోతాయి. వారానికి ఎన్ని గంటలు నేశారో కూడా ప్రతిసారీ రాయాలి.

వ్యాయామం దగ్గరికి వద్దాం. "గంటకోసారి లేచి అయిదు నిమిషాలు నడవండి" అన్న సలహా గుంట మగ్గం మీద నిలవదు. గుంటలోంచి కాళ్లు తీసి లేవడమే ఒక పని, లేచిన ప్రతి నిమిషమూ మజూరీలో కోత. సామాజిక శాస్త్రం తెలిసిన మనిషి బృందంలో ఉంటే ఈ సలహా కాగితం మీదికే రాదు. దాని బదులు పనిలో ఎలాగూ వచ్చే ఆగుళ్లను వాడుకోవాలి. నాడెలో పోగు చుట్టిన కండె అయిపోయి కొత్తది వేసుకునేటప్పుడు చేయి ఆగుతుంది. అప్పుడు కూర్చున్నచోటే నడుము వెనక చేతులు పెట్టి వెనక్కి వంగడం 5 సార్లు, భుజాల వెనక రెక్కలను దగ్గరకు లాగడం 5 సార్లు, గడ్డం లోపలికి లాగడం 5 సార్లు. ముప్పై నలభై సెకన్లలో అయిపోతుంది. గుంటలోంచి బయటికి వచ్చాక, అంటే భోజనానికి, పని ముగించాక, నిలబడి వెనక్కి వంగడం 10 సార్లు, ఒక మోకాలు నేల మీద ఆనించి తుంటి ముందరి కండరం సాగదీయడం ఒక్కో వైపు 30 సెకన్ల చొప్పున 3 సార్లు, వెల్లకిలా పడుకుని పిరుదులు పైకెత్తడం 10 సార్లు. వెనక్కి వంగినప్పుడు నొప్పి కాలిలోకి దిగితే అది ఆపేసి ఫిజియోథెరపిస్టుకు చెప్పాలి.

ఏం ఇచ్చారో ఇంత వివరంగా రాయడానికి 2014లో వచ్చిన టైడర్ పట్టిక ఉంది, 12 అంశాలు. ఎవరు నేర్పారు, ఎక్కడ, ఎన్నిసార్లు, ఎవరికైనా మార్చారా, నిజంగా చేశారా అన్నవన్నీ అందులో ఉంటాయి. "ఎర్గోనమిక్ సలహా ఇచ్చాం" అని ఒక్క ముక్క రాసి వదిలేసిన పేపరును ఇంకో ఊళ్లో ఎవరూ మళ్లీ చేయలేరు. పలక మార్పు కూడా అంతే. పలక నుంచి గుంట అడుగుకు లోతు, పలక నుంచి దూలానికి దూరం, నేతగాడి మోకాలి వెనక నుంచి మడమ దాకా పొడవు మూడూ సెంటీమీటర్లలో రాయాలి. పలక కింద చెక్క ముక్కలు పెట్టి ఎత్తు పెంచి చూస్తే ఖర్చు పెద్దగా ఉండదు, నచ్చకపోతే తీసేయవచ్చు. ఎత్తు పెంచితే కాళ్లు తొక్కుడు కర్రలకు అందకపోవచ్చు, అప్పుడు కర్రల తాళ్లు కూడా సర్దాలి. దీనికే వడ్రంగి మొదటి నుంచీ ఉండాలనేది.

ఎవరిని చేర్చుకోకూడదో డాక్టరు ముందే రాయాలి. కారణం తెలియని బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, ఉన్నట్టుండి మూత్రం రాకపోవడం, కూర్చునే చోట స్పర్శ పోవడం, కాలు బలహీనపడటం. ఇవి ఉంటే ఆ మనిషిని పరిశోధనలో చేర్చుకోవడం కాదు, ఆసుపత్రికి పంపాలి. మూత్రం ఆగి, కూర్చునే చోట మొద్దుబారితే అదే పూట పంపాలి. ఏ ఆసుపత్రిలో ఏ విభాగానికి పంపుతారో సేకరణకు ముందే మాట్లాడి ఉంచుకోవాలి. బరంపురంలో 1962లో మొదలైన ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. పునరావాస వృత్తులన్నీ ఒకే ఆవరణలో చూడాలంటే కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ సంస్థ ఉంది. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, కృత్రిమ అవయవాల తయారీ మూడూ అక్కడ నేర్పుతారు.

అనుమతుల విషయం పొట్టిగా చెబుతాను. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క మనిషినీ కొలవకూడదు. చికిత్స ఇచ్చి పోల్చే అధ్యయనమైతే మొదటి మనిషిని చేర్చుకోకముందే, ఇలాంటి పరిశోధనల జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి తర్వాత చేసుకుందామంటే కుదరదు. చదవలేనివాళ్లకు సమ్మతి పత్రం వినిపించి, నిష్పాక్షికమైన సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. వీడియోకు సమ్మతి విడిగా అడగాలి.

కాగితాల కన్నా కష్టమైనది మాస్టర్ వీవర్ సంగతి. ఆయన ద్వారా వెళ్తే ఇళ్లు సులువుగా తెరుచుకుంటాయి. కానీ ఆయన "ఇవ్వండి" అంటే నేతగాడు కాదనలేడు, అది సమ్మతి అనిపించుకోదు. నొప్పి ఎక్కువగా ఉందని తెలిస్తే పట్టు ఇవ్వడం తగ్గిస్తారేమోనన్న భయమూ ఉంటుంది, అందుకే నొప్పి తక్కువ చెబుతారు. ఆయనకు ముందుగా విషయం చెప్పండి, గౌరవంగా మాట్లాడండి, కానీ ప్రశ్నలు అడిగేటప్పుడు ఆయనా, ఆయన మనుషులూ అక్కడ ఉండకూడదు. ఎవరి జవాబూ ఆయనకు చేరదని నేతగాడికి ముందే, గట్టిగా చెప్పాలి. కొలతలకు పట్టే గంటకు మజూరీ నష్టం కట్టి ఇవ్వాలి. ఆడవాళ్లను వదిలేయకండి. పోగులు సిద్ధం చేయడం, కండెలు చుట్టడం చాలా ఇళ్లలో వాళ్లదే. వాళ్ల మణికట్టు, భుజం నొప్పి "నేతగాళ్ల అధ్యయనం"లో లెక్కకే రావు. ఇది నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

ఇదే పద్ధతి ఇంకోచోట ఎలా మారుతుందో ఒక్క ముక్క. గంజాం, గజపతి జిల్లాల్లో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్లు గంటల తరబడి కింద కూర్చుని పనిచేస్తారు. జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. చేతి తొడుగు వేసుకుంటే వేళ్లకు పట్టు తగ్గి పని నెమ్మదిస్తుంది, కూలి కిలోల లెక్కన కాబట్టి తొడుగు తీసేస్తారు. చర్మ వైద్యుడు ఒక్కరే వస్తే "తొడుగు వేసుకోండి" అంటారు. ఫిజియోథెరపిస్టు వేళ్ల పట్టు కొలిచే పించ్ గేజితో తొడుగుతోనూ లేకుండానూ పట్టు కొలిచి, గంటకు ఎన్ని పిక్కలు ఒలిచారో లెక్కపెడితే, ఏ మందం తొడుగు అయితే రెండూ నిలుస్తాయో తేలుతుంది.

బృందం నడపడంలో గొడవలు రెండు చోట్ల వస్తాయి, డేటా దగ్గర ఒకటి, పేర్ల దగ్గర ఒకటి. డేటాకు ఒక్కరే బాధ్యులుగా ఉండాలి. ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చి, ఫిజియోథెరపీ ఫారం, కంటి ఫారం, మగ్గం కొలతల ఫారం మూడింటి మీదా అదే సంఖ్య వేయాలి. లేకపోతే ఆ మూడింటినీ కలపలేక అధ్యయనం మూడు ముక్కలవుతుంది. ఫారాలు నింపే కోబోటూల్‌బాక్స్ కొంత పరిమితి మేరకు ఉచితం, నెట్ లేకపోయినా ఫోన్‌లో పనిచేస్తుంది. వయసు 18 లోపు, నొప్పి 10 పైన అంకెలు పడకుండా అందులోనే అడ్డం పెట్టుకోవచ్చు. పేర్ల విషయం మొదటి సమావేశంలోనే రాసి సంతకాలు పెట్టుకోండి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ (ఐసీఎంజేఈ) చెప్పిన నాలుగు షరతులూ తీరితేనే రచయిత: పనిలో గణనీయమైన భాగం, రాయడంలో గానీ సరిదిద్దడంలో గానీ పాలు, చివరి ప్రతికి ఆమోదం, జవాబుదారీ. విభాగాధిపతి అయినంత మాత్రాన పేరు రాదు. పలక మార్పు ఆలోచన వడ్రంగిదైతే, ఆయన చిత్తుప్రతి విని తన మాట చెప్పే వీలు కల్పించి, రచయితగానే చేర్చే దారి చూడండి.

ఫలితాలు పత్రికకు పంపడానికి ముందే పేటకు తిరిగి వెళ్లాలి. ఒక్కో ఇంటికి ఒక కాగితం, తెలుగులోనో ఒడియాలోనో వాళ్లు అడిగిన లిపిలో: మీ పలక ఎత్తు ఇంత, మీ ఎత్తుకు కావలసింది ఇంత, మీ కళ్లజోడు దూరం ఇంత. పోలిక గుంపులో ఉండి కళ్లజోడు రానివాళ్లకు ఆ రోజే కంటి పరీక్ష చేసి, మగ్గం దూరానికి రాసి ఇవ్వాలి. ఆ ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే వేసుకోండి.